విండోస్ తీసేశాక ఏవి ఆడాను, ఏవి ఆడలేకపోయాను

వాలరెంట్, ఫోర్ట్‌నైట్, బ్యాటిల్‌ఫీల్డ్ 6 లాంటి ఆన్‌లైన్ ఆటల కోసమే కంప్యూటర్ కొనేవాళ్లు ఈ సమీక్ష ఇక్కడితో ఆపేయొచ్చు. అవి లినక్స్‌లో, అంటే విండోస్ బదులు నేను వేసుకున్న ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లో, ఆడవు. యూట్యూబ్‌లో ఎవరేం చెప్పినా సరే, ఏ చిట్కాతోనూ ఆడవు. విండోస్ పెట్టుకోండి, బోలెడంత టైమ్ మిగులుతుంది.

మిగతావాళ్లకు మాత్రం చెప్పాల్సింది చాలా ఉంది. కథ నడిచే పెద్ద ఆటలు, వ్యూహాల ఆటలు, లారీ తోలే ఆటలు, ఇద్దరు ముగ్గురు కలిసి చేసే చిన్న ఇండీ ఆటలు, ఇంటర్నెట్ సెంటర్ కాలం నాటి పాత ఆటలు... వీటి కోసం మా ఇంట్లో విండోస్ అవసరం తీరిపోయి ఏళ్లయింది. ఉచితంగా దొరికే ఆటల గురించి కాదు నేను రాస్తున్నది. డబ్బు పెట్టి కొనే ఆటల గురించి. లినక్స్ అనగానే "అన్నీ ఫ్రీ కదా" అనేస్తారు మనవాళ్లు. ఆటలమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో నా ఖాతా చూస్తే ఆ మాట అనరు.

నేను ఉండేది అనంతపురం రామ్‌నగర్‌లో. బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తాను, పనికి ఎలాగూ లినక్స్ కావాలి. ఆట కోసం ప్రతిసారీ మెషిన్ ఆపి విండోస్‌లోకి వెళ్లడం, అది వెళ్లగానే అప్‌డేట్ అంటూ కూర్చోవడం, ఆ విసుగుతోనే డ్యూయల్ బూట్ (ఒకే మెషిన్‌లో రెండూ ఉంచుకోవడం) తీసేశాను. ఇప్పుడున్న సిస్టమ్: రైజెన్ 5 5600 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, రేడియాన్ ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు, మామూలు 1080పి మానిటర్. మొదట్లో లినక్స్ మింట్ వాడాను, తర్వాత లినక్స్‌లోనే ఇంకో రకమైన ఫెడోరాకు మారాను. అందరి దగ్గరా ఉండే మధ్యరకం సిస్టమ్ ఇది, గొప్పదేం కాదు. కాబట్టి కింద చెప్పేవన్నీ మధ్యరకం సిస్టమ్ మీద చూసినవే.

కొంచెం పాత సంగతి చెప్పకపోతే ఇప్పటి పరిస్థితి ఎంత మారిందో తెలియదు. లినక్స్‌కు ఆటలు ఎప్పుడూ లేవనుకోవడం తప్పు. డూమ్ 1994లోనే లినక్స్‌కు వచ్చింది. 1998లో అమెరికాలో లోకి సాఫ్ట్‌వేర్ అని ఒక కంపెనీ పుట్టింది. విండోస్ ఆటలను లినక్స్‌కు మార్చి, డబ్బాల్లో పెట్టి అమ్మడమే దాని వ్యాపారం. సివిలైజేషన్, క్వేక్ 3, సిమ్‌సిటీ 3000 వాళ్లు అమ్మినవే. కొనేవాళ్లు చాలక 2001లో దివాలా తీసి, 2002 మొదట్లో మూసేశారు. అక్కడ పని చేస్తూ శామ్ లాంటింగా అభివృద్ధి చేసిన ఎస్‌డీఎల్ అనే లైబ్రరీ (ఆటలు రాసేవాళ్లు తమ ఆటలో కలుపుకునే రెడీమేడ్ కోడ్) మాత్రం బతికింది. ఈరోజు సగం ఇండీ ఆటలు దాని మీదే నడుస్తాయంటే అతిశయోక్తి కాదు.

ఆ తర్వాత పదేళ్లు ఎవరూ ఈ వైపు చూడలేదు. 2012లో విండోస్ 8తో పాటు మైక్రోసాఫ్ట్ సొంత యాప్ దుకాణం పెట్టేసరికి, స్టీమ్ దుకాణం నడిపే వాల్వ్ కంపెనీకి గుబులు పట్టుకుంది. రేపు మైక్రోసాఫ్ట్ తలుపు మూస్తే తన గతేమిటని. దాని అధిపతి గేబ్ న్యూవెల్ విండోస్ 8ని బాహాటంగానే తిట్టిపోశాడు. 2013 ఫిబ్రవరిలో లినక్స్‌కు స్టీమ్ వచ్చింది. 2015లో స్టీమ్ మెషిన్ల పేరుతో పెట్టెలు కూడా వచ్చాయి, అవి ఎవరికీ పట్టలేదు. పెట్టె ఉంది గానీ అందులో ఆడేందుకు ఆటలు లేవు మరి. లినక్స్ కూర్పు చేయమని ప్రతి కంపెనీనీ బతిమాలడం వల్ల పని జరగదని అప్పుడు తేలిపోయింది.

అసలు మలుపు 2018 ఆగస్టు. విండోస్ ఆటలను లినక్స్‌లో నడిపించే ప్రోటాన్‌ను వాల్వ్ విడుదల చేసింది.

ప్రోటాన్ లోపల ఉన్నది ప్రధానంగా వైన్. 1993 నుంచి జనం ఓపిగ్గా కట్టుకుంటూ వస్తున్న సాఫ్ట్‌వేర్ అది. విండోస్ ఆట ఒకటి "ఈ ఫైల్ తెరువు, ఈ కిటికీ చూపించు, ఈ శబ్దం వినిపించు" అని విండోస్‌ను అడుగుతూ ఉంటుంది కదా, ఆ అడిగినవాటన్నిటినీ వైన్ తాను అందుకుని లినక్స్ చేత చేయిస్తుంది. కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను నడపడం కాదిది, అందుకే వేగం పెద్దగా పోదు. బొమ్మలు గీయడం దగ్గరే వైన్ ఎప్పుడూ నీరసపడేది. విండోస్ ఆటలు డైరెక్ట్3డీ భాషలో గీస్తాయి, లినక్స్‌కు అది రాదు. 2016లో వల్కన్ అనే కొత్త గ్రాఫిక్స్ ప్రమాణం వచ్చింది. ఫిలిప్ రెబోల్ అనే జర్మన్ కుర్రాడు తనకిష్టమైన నియర్ ఆటోమాటా ఆట లినక్స్‌లో ఆడుకోవడం కోసం 2017లో డీఎక్స్‌వీకే రాయడం మొదలుపెట్టాడు. డైరెక్ట్3డీలో అడిగినదాన్ని వల్కన్‌లోకి మార్చడం దాని పని. వాల్వ్ అతనికి జీతమిచ్చి ఆ పని మీదే కూర్చోబెట్టింది. ఒక్క ఆట కోసం ఒకడు పట్టిన పట్టుతో ఇన్ని వేల ఆటలు మనకు దక్కాయి. నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చే ఘట్టం అదే.

ప్రోటాన్ వచ్చిన మొదటి రోజు వాల్వ్ అధికారికంగా హామీ ఇచ్చిన ఆటలు 27. ఇప్పుడు హామీల ఊసే లేదు. ఒకప్పుడు సెట్టింగ్స్‌లో కంపాటిబిలిటీ దగ్గర టిక్ పెట్టాల్సి వచ్చేది, కొత్త స్టీమ్‌లో అదీ లేదు. ఇన్‌స్టాల్ నొక్కుతాం, ప్లే నొక్కుతాం. అంతే. ఆడుతున్నది విండోస్ ఆట అని గుర్తు కూడా రాదు.

నా లెక్కలో ప్రోటాన్ పరీక్ష నెగ్గింది రెండు సందర్భాల్లో. 2020 డిసెంబరులో సైబర్‌పంక్ 2077 వచ్చిన రోజునే దానికోసం కొత్త ప్రోటాన్ వచ్చింది, ఏఎండీ గ్రాఫిక్స్ కార్డులు (నా రేడియాన్ లాంటివి) ఉన్నవాళ్లు మొదటి రోజే ఆడారు. 2022 ఫిబ్రవరిలో ఎల్డెన్ రింగ్ వచ్చినప్పుడు ఇంకా విచిత్రం. విండోస్‌లో ఆ ఆట మధ్యమధ్యలో పట్టేసినట్టు ఆగుతోందని ప్రపంచమంతా మొత్తుకుంటుంటే, వాల్వ్ ఇంజినీర్లు ప్రోటాన్ వైపు నుంచి దాన్ని చాలావరకు సర్దేశారు. అసలు వేదిక మీద కంటే అరువు వేదిక మీద సాఫీగా నడిచింది. నేను ఆ ఆట మొదటి పెద్ద శత్రువు మార్గిట్ దగ్గర వారాల తరబడి చస్తూ ఉండిపోయాను. అది నా చేతకానితనమే గానీ ప్రోటాన్‌కు ఏ సంబంధమూ లేదు.

సరే, గీతలు పడే చోట్లు చూద్దాం.

ఒక జపాన్ ఆట కొన్నాను, పేరు వద్దు. ఆట బాగానే తెరుచుకుంది, మెనూ వచ్చింది, కొత్త ఆట నొక్కాను. కథ మొదలయ్యే వీడియో రావాల్సిన చోట నిలువు రంగుల పట్టీలు వచ్చాయి, చిన్నప్పుడు దూరదర్శన్‌లో ప్రసారం మొదలవకముందు కనిపించేవి, అచ్చం అవే. వెనక సంగీతం వస్తోంది, పాత్రలు మాట్లాడుకుంటున్నాయి, తెర మీద పట్టీలు. ఆట పాడైందేమో అనుకుంటాం. కాదు. ఆ వీడియోలు మైక్రోసాఫ్ట్ మీడియా ఫౌండేషన్ పద్ధతిలో, పేటెంట్లున్న కోడెక్‌లతో (వీడియోను కుదించి, మళ్లీ విప్పే పద్ధతులు) ఉంటాయి. ఆ కోడెక్‌లను ప్రోటాన్‌లో పెట్టి పంచే హక్కు వాల్వ్‌కు లేదు. అందుకని వాల్వ్ తన సర్వర్లలో ఆ వీడియోలను వేరే పద్ధతిలోకి మార్చి, ఆటతో పాటు మనకు దింపుతుంది. మార్చడం ఇంకా పూర్తికాని ఆటల్లో పట్టీలు కనిపిస్తాయి. దీనికి మందు జీఈ ప్రోటాన్. థామస్ క్రైడర్ అనే ఆయన, నెట్‌లో గ్లోరియస్ ఎగ్‌రోల్ అంటారు, సొంతంగా తయారుచేసి ఇచ్చే ప్రోటాన్ అది. ప్రోటాన్‌అప్ క్యూటీ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌తో దాన్ని దించుకుని, స్టీమ్‌లో ఆట పేరు మీద రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీకి వెళ్లి దాన్ని ఎంచుకుంటే చాలు. పట్టీలు పోయి కథ కనిపించింది. కథ అంత గొప్పగా లేదనుకోండి.

ఇలాంటివి కనిపించినప్పుడు ముందు ప్రోటాన్‌డీబీ చూడాలి. ఏ ఆట ఎవరి సిస్టమ్‌లో ఎలా నడిచిందో వాడినవాళ్లే రాసిపెట్టే చోటు అది. ప్లాటినమ్, గోల్డ్, సిల్వర్, బ్రాంజ్ అని గ్రేడులుంటాయి. గ్రేడు ఒక్కటే చూసి ఊరుకోకూడదు. కింద రాసినవాటిలో మన గ్రాఫిక్స్ కార్డు లాంటిది ఉన్నవాళ్ల మాటలు, అదీ గత రెండు మూడు నెలలవి చదవాలి. ఏళ్ల కిందటి "నడవలేదు" అనే మాటకు ఇవాళ ఏ విలువా లేదు.

ఇప్పుడు చాలామందికి నచ్చని మాట ఒకటి. స్టీమ్‌లో ఆట పక్కన లినక్స్ గుర్తు ఉంటే ఒకప్పుడు పండగ. ఇప్పుడు ఆ గుర్తు చూస్తే నాకు కాస్త అనుమానం. లినక్స్ కోసమే చేసిన కూర్పులు చాలావాటికి తర్వాత పట్టించుకునేవాడు ఉండడు. విండోస్ కూర్పుకు కొత్త కంటెంట్ వస్తుంది, లినక్స్‌ది వెనకబడుతుంది, కలిసి ఆడదామంటే రెండిటి వెర్షన్లు కలవవు. 2014లో విచర్ 2 లినక్స్ కూర్పు వచ్చినప్పుడు అది ఎంత నెమ్మదిగా నడిచిందంటే జనం గగ్గోలు పెట్టారు. అదే ఆట విండోస్ కూర్పు ఇప్పుడు ప్రోటాన్‌లో దూసుకుపోతుంది. రస్ట్ ఆట 2019లో లినక్స్ కూర్పు ఆపేసింది. రాకెట్ లీగ్ 2020 మార్చిలో ఆపేసింది. అందుకే లినక్స్ కూర్పు తేడాగా అనిపిస్తే, ఆ కంపాటిబిలిటీ దగ్గరికే వెళ్లి ప్రోటాన్‌ను బలవంతంగా పెడతాను. అలా మార్చేముందు ఒక్క జాగ్రత్త: రెండు కూర్పుల సేవ్ ఫైళ్లు వేర్వేరు చోట్ల ఉంటాయి. క్లౌడ్ సేవ్ అన్ని ఆటల్లోనూ వాటిని కలపదు. సగం ఆడిన ఆటను మార్చాలంటే ముందు సేవ్‌లు కాపీ చేసి పెట్టుకోండి.

లినక్స్‌ను ప్రేమగా చూసుకునే కంపెనీలు లేవని కాదు. చెక్ దేశపు ఎస్‌సీఎస్ వాళ్ల యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 లినక్స్ కూర్పు ఏళ్లుగా విండోస్‌తో సమానంగా వస్తోంది. రాత్రి పని అయ్యాక ఒక గంట ఆ లారీ తోలడం నాకు అలవాటు. గుత్తి మీదుగా హైదరాబాద్ హైవేలో పోతున్నట్టు ఉండదులెండి, ఎదురుగా ఎవడూ రాంగ్ రూట్‌లో రాడు. ఫ్యాక్టోరియో, స్టార్‌డ్యూ వ్యాలీ కూడా అంతే, ప్రోటాన్‌తో పనే లేదు. వాల్వ్ సొంత ఆటలు డోటా 2, కౌంటర్ స్ట్రైక్ 2 సరేసరి.

ఇక అసలు నొప్పి. పక్కింటి కుర్రాడు ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. నా సిస్టమ్‌లో ఎల్డెన్ రింగ్ చూసి కళ్లు పెద్దవి చేసుకుని, మర్నాడే తన ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు.

"అన్నా, నాకూ లినక్స్ వేసియ్యన్నా. వాలరెంట్ ఆడుతుంది కదా?"

"ఆడదురా."

"యాలన్నా? ఇంత పెద్ద గేమే ఆడుతోంది గదా, అది చిన్న గేమ్."

వాడడిగిందాంట్లో న్యాయముంది. వాలరెంట్ తక్కువ సిస్టమ్‌లో కూడా నడిచే ఆట, అందుకే మన ఊళ్లలో గేమింగ్ సెంటర్ల నిండా అదే. ఆట బొమ్మలను గీయడం ప్రోటాన్‌కు కష్టం కాదు. దాంతో పాటు వచ్చే వాన్‌గార్డ్ అనే కాపలా సాఫ్ట్‌వేర్‌తోనే తంటా. ఎవడూ మోసం చేసి ఆడకుండా అది విండోస్ అట్టడుగున ఉండే కెర్నెల్‌లోనే కూర్చుంటుంది, కంప్యూటర్ వేయగానే లేస్తుంది. వైన్ నడిచేది మామూలు ప్రోగ్రాములా, పై అంతస్తులో. అక్కడ విండోస్ కెర్నెల్ అనేదే లేదు, ఇక వాన్‌గార్డ్ కూర్చునే చోటెక్కడ? లీగ్ ఆఫ్ లెజెండ్స్ అంతకుముందు వైన్‌లో చక్కగా ఆడేది. 2024 మేలో దానికీ వాన్‌గార్డ్ తగిలించారు, అంతటితో అయిపోయింది.

అన్ని కాపలాలూ ఇలాంటివి కావు. ఈజీ యాంటీ చీట్, బ్యాటిల్ ఐ అనే రెండు ఎక్కువ ఆటల్లో ఉంటాయి. ఈ రెండూ 2021లోనే ప్రోటాన్‌లో పనిచేసేలా తయారయ్యాయి. అయితే ఆట తయారుచేసినవాళ్లు ఒప్పుకుని ఆ దారి తెరవాలి. తెరిచినవాళ్లున్నారు: ఎల్డెన్ రింగ్‌లో ఉన్నది ఈజీ యాంటీ చీటే, ఆన్‌లైన్‌లో ఆడొచ్చు. ఆర్మా 3, డేజెడ్ బ్యాటిల్ ఐతోనే ఆడుతున్నాయి. తెరవనివాళ్ల సంగతే చిత్రం. ఈజీ యాంటీ చీట్ ఎపిక్ కంపెనీ సొత్తు. లినక్స్‌కు పనికొచ్చేలా దాన్ని అందరికీ ఇస్తున్నది ఆ కంపెనీయే. దాని సొంత ఆట ఫోర్ట్‌నైట్‌లో మాత్రం ఆ తలుపు వేసే ఉంటుంది. తెరిచి మళ్లీ మూసినవాళ్లూ ఉన్నారు. అపెక్స్ లెజెండ్స్ 2022 నుంచి లినక్స్‌లో ఆడింది, 2024 అక్టోబరు 31న ఆపేశారు. లినక్స్ దారిలో మోసగాళ్లు వస్తున్నారని కారణం చెప్పారు. జీటీఏ 5 ఆన్‌లైన్‌కు 2024 సెప్టెంబరులో బ్యాటిల్ ఐ తగిలించారు, ఆ తర్వాత లినక్స్ నుంచి లోపలికి పోనివ్వడం లేదు. ఒంటరిగా ఆడే కథ మాత్రం నిక్షేపంగా నడుస్తుంది.

కంపెనీల వైపు వాదనలో కూడా పస ఉందని ఒప్పుకోవాలి. లినక్స్‌లో కెర్నెల్‌ను వాడుకరి తన ఇష్టం వచ్చినట్టు మార్చుకోవచ్చు. అలా మార్చినవాడి కెర్నెల్ చెప్పే మాటను కాపలా సాఫ్ట్‌వేర్ ఎలా నమ్ముతుంది? పైగా స్టీమ్ నెలవారీ సర్వేలో లినక్స్ వాటా మొదటిసారి 3 శాతం దాటింది 2025 అక్టోబరులో. వందలో ముగ్గురి కోసం ఇంత తలనొప్పి ఎందుకని వాళ్ల లెక్క. ఇది తెలిసినా నాకు మంట మాత్రం తగ్గలేదు, కారణముంది. నేను డబ్బు పెట్టి కొన్న ఒక రేసుల ఆట చాలాకాలం హాయిగా ఆడింది. ఒక అప్‌డేట్‌లో కొత్త కాపలా వచ్చింది, ఆట తెరిచిన రెండో నిమిషంలో బయటికి తోసేయడం మొదలుపెట్టింది. రీఫండ్ గడువు ఎప్పుడో దాటిపోయింది. కంపెనీకి మెయిల్ పెడితే, మేం అమ్మింది విండోస్‌కు కదా అని మర్యాదగా రెండు ముక్కలు రాశారు. మాట నిజమే. డబ్బు మాత్రం రాలేదు.

అందుకే ఆన్‌లైన్‌లో తెలియనివాళ్లతో పోటీపడే ఆట ఏదైనా సరే, లినక్స్ నమ్ముకుని కొనొద్దంటాను. ఇవాళ ఆడుతున్నా రేపటి హామీ లేదు. ప్రోటాన్ చేసేవాళ్లు ఎంత తెలివైనవాళ్లయినా, అవతలివాడు వద్దనుకున్నచోట వాళ్ల చేతిలో ఏమీ లేదు. పక్కింటి కుర్రాడికి లినక్స్ వేయలేదు. ఆ ల్యాప్‌టాప్‌లో విండోస్ 11ను అలాగే ఉంచి, పాస్‌వర్డ్ కూడా లేకుండా వాడుతున్నాడని తిట్టి పంపించాను.

గ్రాఫిక్స్ కార్డు కొనేముందు ఆలోచించండి. మనవాళ్లు పెద్ద కొనుగోళ్లకు బెంగళూరు ఎస్పీ రోడ్డుకే పోతారు, ఉదయం రైలెక్కితే సాయంత్రానికి కార్డుతో ఇంట్లో ఉండొచ్చు. అక్కడ దుకాణాల్లో లినక్స్ అనే మాట ఎత్తితే "సర్, డ్రైవర్ సీడీ వస్తుంది" అంటారు, వాళ్లను ఏమనీ లాభం లేదు. ఏఎండీ కార్డుకు సీడీ అక్కర్లేదు, డ్రైవర్ లినక్స్‌లోనే ఉంటుంది. మీసా అనే ఆ ఓపెన్ డ్రైవర్ల మీద వాల్వ్ మనుషులే పని చేస్తారు. కార్డు పెట్టి సిస్టమ్ వేస్తే తెర వెలుగుతుంది, ఆట నడుస్తుంది. ఎన్విడియా కంపెనీ కార్డుకు డ్రైవర్ వేరేగా వేసుకోవాలి. లినక్స్‌లో తెర మీద కిటికీలు చూపించే వేలాండ్ అనే పద్ధతిలో దానికి చాలాకాలం మిణుకుమిణుకుమనే జబ్బు ఉండేది, 2024లో వచ్చిన 555 డ్రైవర్‌తో అది చాలావరకు నయమైంది. డైరెక్ట్‌ఎక్స్ 12 (పైన చెప్పిన డైరెక్ట్3డీ ఇందులో భాగమే) వాడే ఆటల్లో ఎన్విడియా కార్డులు విండోస్‌తో పోలిస్తే కొంత వేగం కోల్పోవడం ఇంకా ఉంది. ఇంట్లో ఉన్న ఎన్విడియా కార్డును అమ్మేయమని చెప్పను. కొత్తగా కొనేటట్టయితే మాత్రం ఏఎండీ తీసుకోండి.

కంట్రోలర్ల గురించి రెండు ముక్కలు చాలు: ప్లేస్టేషన్ కంట్రోలర్‌కు కెర్నెల్‌లో ఉన్న డ్రైవర్ సోనీ స్వయంగా రాసిచ్చిందే. బ్లూటూత్‌లో కలిపితే వెంటనే పనిచేస్తుంది.

మన ఊరి ఎండ గురించి అమెరికా వాళ్ల సమీక్షల్లో ఉండదు కాబట్టి నేను చెబుతాను. ఏప్రిల్, మే నెలల్లో అనంతపురంలో బయట 40 డిగ్రీలు దాటినప్పుడు, మధ్యాహ్నం గదిలో గేమింగ్ సిస్టమ్ వేస్తే ఫ్యాన్ల మోతకు పక్క గదిలో టీవీ సౌండ్ పెంచుతారు. ఇక్కడ లినక్స్ నాకు బాగా కలిసొచ్చింది. మ్యాంగోహడ్ అని ఒక చిన్న పనిముట్టు ఉంది. ఆట లాంచ్ ఆప్షన్స్ పెట్టెలో మ్యాంగోహడ్ అని రాసి, ఖాళీ వదిలి, పర్సెంట్ గుర్తుల మధ్య కమాండ్ అనే మాట పెట్టాలి. ఆట తెర మూల మీద గ్రాఫిక్స్ కార్డు వేడి, వాట్లు, ఫ్రేములు (సెకనుకు తెర మీద గీసే బొమ్మలు) అంకెల్లో కనిపిస్తాయి. ఫ్రేములను 60 దగ్గర, ఎండాకాలంలో అయితే 45 దగ్గర ఆపేయమని కూడా దానికే చెప్పొచ్చు. విచర్ 3లో కళ్లెం లేకుండా వదిలేసినదానికీ 60 దగ్గర ఆపినదానికీ వాట్ల అంకె పడిపోవడం కళ్లముందే కనిపిస్తుంది, కాసేపటికి ఫ్యాన్ కూడా నెమ్మదిస్తుంది. యూపీఎస్ మీద ఉన్నప్పుడు అదే తేడా ఆట సేవ్ చేసుకునేంత టైమ్ ఇస్తుంది. కరెంటు పోయిన గదిలో ఆ టైమ్ విలువ నాకు తెలుసు.

నెట్ సంగతి కూడా. స్టీమ్ లినక్స్‌లో ఆటతో పాటు షేడర్లు అని విడిగా దింపుతుంది. ఆట మొదటిసారి నడిచేటప్పుడు బొమ్మ ఆగి ఆగి రాకుండా ముందే వండిపెట్టుకునే సరుకు అది. మంచి ఉద్దేశమే గానీ, పెద్ద ఆటలకు అవి తరచూ మారుతుంటాయి, డేటా తింటాయి. ప్లే నొక్కాక "ప్రాసెసింగ్ వల్కన్ షేడర్స్" అంటూ శాతాలు లెక్కపెడుతూ కూర్చోబెడుతుంది కూడా. నెలకింత అని లెక్కగట్టే నెట్ ప్లాన్ ఉన్నవాళ్లు సెట్టింగ్స్‌లో డౌన్‌లోడ్స్ కింద దాన్ని ఆపేయండి. ఈమధ్యకాలపు ఏఎండీ కార్డుల్లో దాన్ని ఆపినా నాకు పెద్ద తేడా కనబడలేదు.

పాత ఆటలు ఆడేవాళ్లకు ఇది స్వర్గం. సుభాష్ రోడ్డు చుట్టుపక్కల ఇంటర్నెట్ సెంటర్లలో గంట లెక్కన కూర్చుని ఆడిన తరం మాది. వైస్ సిటీ, ఐజీఐ, క్రికెట్ 07, కౌంటర్ స్ట్రైక్ 1.6, సెంటర్ అన్న "టైమ్ అయిపాయె, లెయ్ రా" అనేదాకా. ఆ ఆటలు ఇప్పటి విండోస్ 11లో తెరుచుకోవడానికి నానా యాగీ చేస్తాయి. వైన్ వైపు మాత్రం పాతవాటి గురించి ఆలోచించేవాళ్లు ఇంకా ఉన్నారు. వైస్ సిటీ వాడేది డైరెక్ట్‌ఎక్స్ 8, దాన్ని కూడా వల్కన్‌లోకి మార్చే సదుపాయం 2024లో వచ్చిన డీఎక్స్‌వీకే 2.4లో చేరింది. దాచుకున్న పాత డిస్కుల నుంచి లూట్రిస్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఎక్కించాను. క్రికెట్ 07లో తెర పక్కలకు సాగినట్టు కనిపించడం సరిచేసుకోవడానికి కాస్త టైమ్ పట్టింది గానీ, ఇప్పుడు దసరా సెలవులకు ఇంటికొచ్చే తమ్ముళ్లు ముందు అడిగేది దాన్నే.

స్టీమ్ కాక వేరే దుకాణాల్లో కొన్నవాటికి హీరోయిక్ అనే లాంచర్ ఉంది. ఎపిక్ గానీ గాగ్ గానీ లినక్స్‌కు తమ సొంత లాంచర్ ఇవ్వలేదు, ఆ లోటు దీనితో తీరుతుంది. ఎపిక్ వారం వారం ఉచితంగా ఇచ్చే ఆటలు నేను దీంట్లోంచే ఆడుకుంటాను. నెలవారీ చందాతో ఆటలిచ్చే మైక్రోసాఫ్ట్ పీసీ గేమ్ పాస్ మాత్రం లినక్స్‌లో ఎక్కదు, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. స్టీమ్ డెక్ గురించి అడుగుతుంటారు. 2022లో వచ్చిన ఆ చేతి మెషినే ఇంతమంది కంపెనీలవాళ్లు ప్రోటాన్‌ను పట్టించుకోవడానికి కారణం, అందులో నడిచేది లినక్సే. వాల్వ్ దాన్ని మన దేశంలో అధికారికంగా అమ్మదు. బయటి నుంచి తెప్పించి అమ్మేవాళ్ల దగ్గర కొంటే రేటూ ఎక్కువే, చెడిపోతే అడిగే దిక్కూ ఉండదు. నేను కొనలేదు.

డ్యూయల్ బూట్‌తో మొదలుపెట్టేవాళ్లు విండోస్ డ్రైవ్‌లో ఉన్న ఆటల ఫోల్డర్‌నే లినక్స్ స్టీమ్‌కు చూపించి జాగా మిగుల్చుకుందామని చూస్తారు. అది ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్, అంటే విండోస్ పద్ధతిలో ఫైళ్లు దాచేది. ప్రోటాన్ వాడే కొన్ని రకాల ఫైల్ లింకులకు, పేర్లకు అది సరిపడదు, ఆట ఏ తప్పూ చూపించకుండా ప్లే నొక్కగానే మళ్లీ ప్లే దగ్గరికే వచ్చేస్తుంది. లినక్స్ పార్టిషన్‌లో వేరేగా ఎక్కించుకోండి. ఉబుంటు అనే లినక్స్ వాడేవాళ్లు స్టీమ్‌ను అందులోనే వచ్చే స్నాప్ ప్యాకేజీ నుంచి కాకుండా వాల్వ్ ఇచ్చే డెబ్ ఫైల్ నుంచి వేసుకోండి.

కొనేటప్పుడు నా పద్ధతి ఇది. స్టీమ్‌లో ధరలు రూపాయల్లోనే ఉంటాయి, యూపీఐతో కట్టేయొచ్చు. కొన్న 14 రోజుల్లోపు, 2 గంటలకు మించి ఆడకపోతే రీఫండ్ అడగొచ్చు. లినక్స్‌లో నడవలేదని రాసినా ఇస్తారు. అందుకని కొన్న రోజే ఎక్కించి, మొదటి గంటలో కథ పట్టించుకోకుండా పరీక్ష పెడతాను: వీడియోలు వస్తున్నాయా, కంట్రోలర్ బటన్ల బొమ్మలు సరిగ్గా ఉన్నాయా, సేవ్ చేసి మూసి తెరిస్తే సేవ్ ఉందా, ఆన్‌లైన్ ఉంటే ఒక్కసారి లోపలికి పోనిస్తోందా. ఆట ముందు ఇంకో లాంచర్ తెరిచే కంపెనీలు కొన్ని ఉన్నాయి, అవి నత్తనడక నడిచినా ఆ నిమిషాలు కూడా 2 గంటల్లోనే పడతాయి. అది గుర్తుపెట్టుకుని గడియారం చూసుకోండి.